పోస్టర్ సంగతి తర్వాత, ముందు పడవలో మరుగుదొడ్డి చూడండి

మీరు అడిగింది ఇదీ: విశాఖ తీరంలో డైవింగ్ కేంద్రం నడుపుతున్నారు. ఒక్కసారి దిగి చూసే సరదా డైవ్‌కు ఆడవాళ్లు బాగానే వస్తున్నారు, ఫోటోలు దిగుతున్నారు, సంతోషంగా వెళ్తున్నారు. సర్టిఫికెట్ కోర్సుకు వచ్చేసరికి మాత్రం వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మార్చి 8న రాయితీ ప్రకటించి, గులాబీ రంగు పోస్టర్లు వేసి, ‘ధైర్యంగా ముందుకు రండి’ అని ప్రచారం చేస్తే పరిస్థితి మారుతుందా అని అడిగారు. ఇంట్లో మీ ఆవిడకు నేర్పడం గురించి చివర్లో ఒక మాట రాశారు. దానికి చివర్లోనే వస్తాను.

మారదు. రాయితీతో ఒక వారం సందడి ఉంటుంది, తర్వాత మామూలే. అండమాన్‌లోనూ మన తీరంలోనూ చాలా ఏళ్లుగా డైవింగ్ నేర్పుతున్నదాన్ని కాబట్టి గట్టిగా చెప్పగలను: మీ దగ్గరికి వచ్చిన ఆడవాళ్లకు ధైర్యం తక్కువ కాలేదు. నోటితో ఊపిరి పీలుస్తూ, ముక్కూమొహం తెలియని మనిషిని నమ్మి సముద్రం అడుగుకు వెళ్లొచ్చినవాళ్లకు మీరు కొత్తగా ధైర్యం నూరిపోయనక్కర్లేదు. సరదా డైవ్‌కూ కోర్సుకూ మధ్య వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి. నేను చూసినంతలో మొదటి అడ్డు సముద్రంలో లేదు, ఈతకొలను గేటు దగ్గర ఉంది.

సరదా డైవ్‌కు ఈత రానక్కర్లేదు. శిక్షకుడు పక్కనే ఉండి, 12 మీటర్ల లోతు దాటకుండా తిప్పి తీసుకొస్తాడు. కోర్సు అలా కాదు. డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే ప్యాడీ (PADI) సంస్థ వారి మొదటి మెట్టు, ఓపెన్ వాటర్ కోర్సునే తీసుకోండి. 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, స్నార్కెల్ (నోటితో ఊపిరి పీల్చే గొట్టం), ఫిన్స్ (పాదాలకు తొడిగే రెక్కలు) పెట్టుకుని 300 మీటర్లు ఈదాలి. అది కాక 10 నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా నీటి మీద తేలాలి. అన్నీ పూర్తిచేస్తే 18 మీటర్ల లోతు వరకు జోడీతో కలిసి దిగే అర్హత వస్తుంది. ఈ షరతులు వినగానే అబ్బాయిల్లో చాలామంది ‘సరేలే’ అనుకుంటారు. ఊళ్లో బావిలోనో చెరువులోనో చిన్నప్పుడే నేర్చుకుని ఉంటారు. అమ్మాయిలు ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, ‘ఇంట్లో అడిగి చెప్తాం’ అని వెళ్తారు. మళ్లీ రారు. మీరేమో ఇంట్లో ఒప్పుకోలేదు కాబోలు అనుకుంటారు. సగం సందర్భాల్లో వాళ్లు ఇంట్లో అడగనే అడగరు. ఈత రాదని నలుగురి ముందు చెప్పుకోవడానికి మొహమాటపడ్డారు, అంతే.

కోనసీమలో కాలువ గట్టున పుట్టి పెరిగి, ఈత రాని ఆడవాళ్లు ఎంతమందో. అన్నదమ్ములు వంతెన మీది నుంచి దూకుతుంటే వీళ్లు రేవు మెట్ల మీద బట్టలు ఉతుక్కుని ఇంటికి వెళ్లినవాళ్లు. నీళ్లు దగ్గర లేక కాదు, దిగనివ్వక. ఇక పట్నాల్లో ఈతకొలనుకు వెళ్తే, ‘ఆడవారికి ప్రత్యేక సమయం’ అని బోర్డు ఉంటుంది. ఆ సమయం ఏ పదకొండు గంటలకో ఉంటుంది. ఉద్యోగం చేసే మనిషి ఆఫీసులో ఉండే వేళ, ఇంట్లో ఉండే మనిషి వంటింట్లో ఉండే వేళ. పైగా నేర్పేది మగ కోచ్, గట్టున కుర్చీల్లో కూర్చుని చూసేది పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రులు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని డైవింగ్ ప్రచారం కాదు. నగరంలో ఏదో ఒక కొలనుతో మాట్లాడుకుని, శని, ఆదివారాల్లో ఉదయం ఆరింటికో సాయంత్రం ఏడింటికో ఒక గంట పూర్తిగా ఆడవాళ్లకే తీసుకోండి. నేర్పే మనిషి కూడా ఆడమనిషే కావాలి. చేతులూ కాళ్లూ నిండుగా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు మామూలు క్రీడాదుకాణాల్లోనే దొరుకుతున్నాయి. వాటిని అనుమతిస్తామని కొలను వాళ్లతో ముందే కాగితం మీద రాయించుకోండి. లేకపోతే మొదటి రోజే గేటు కాడ వాదన మొదలవుతుంది, ఆ వాదన వినగానే నలుగురు వెనక్కి తిరుగుతారు. ఆ తరగతికి ‘డైవింగ్‌కు ముందు ఈత’ అని పేరు పెట్టండి. డైవింగ్ చేయకపోయినా ఈత వస్తుందన్న లెక్కతో చేరేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలోంచే మీకు డైవర్లు వస్తారు.

నేర్పే క్రమం కూడా మార్చమనండి. మన దగ్గర కోచ్‌లు మొదటి రోజే కడ్డీ పట్టుకుని కాళ్లు ఆడించమంటారు. పెద్దవాళ్లకు అది ఆయాసం, ఆపైన అవమానం. ముందు తేలడం నేర్పాలి. సాధారణంగా ఆడవాళ్ల శరీరంలో కొవ్వు పాలు ఎక్కువ కాబట్టి మగవాళ్లకన్నా సులువుగా తేలతారు. తేలగలిగానన్న నమ్మకం కలిగిన మనిషికి మిగతా ఈత వారాల్లో వస్తుంది. 200 మీటర్ల ఈతకు కాలపరిమితి లేదని, ఏ రకం ఈతైనా సరేనని మొదటి రోజే చెప్పండి. చాలామంది దాన్ని పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్షలా ఊహించుకుంటారు. వయసు గురించి ఎవరైనా అడిగితే తమిళనాడులోని దిండిగల్‌కు చెందిన ఉమా మణి గురించి చెప్పండి. పగడపు దిబ్బల బొమ్మలు గీసే ఆవిడ, వాటిని స్వయంగా చూడాలని 49 ఏళ్ల వయసులో ఈత, డైవింగ్ రెండూ నేర్చుకున్నారు.

రెండో అడ్డు గురించి ఎవరూ మీకు చెప్పి ఉండరు. అడిగినా చెప్పరు. పడవ మీద మరుగుదొడ్డి.

మన తీరంలో డైవింగ్‌కు వాడేవి ఎక్కువగా చిన్న ఫైబర్ పడవలు. ఒడ్డు నుంచి బయలుదేరి, ఒక డైవ్ చేసి, పైన విరామం తీసుకుని, రెండో డైవ్ చేసి తిరిగొచ్చేసరికి మూడు నాలుగు గంటలు దాటుతుంది. మగవాళ్లు పడవ వెనక్కి వెళ్లి పని కానిచ్చుకుంటారు. ఆడవాళ్లు ఏం చేస్తారంటే, తెల్లవారుజామున లేచిన దగ్గర నుంచి చుక్క నీళ్లు తాగరు. ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో, ఆఖరికి బడిలో చదువుకునే రోజుల నుంచీ మనకు అలవాటైన విద్యే అది. డైవింగ్‌లో ఆ అలవాటు ప్రమాదం. సిలిండర్‌లోంచి వచ్చే గాలి ఎండు గాలి, దాన్ని పీల్చినకొద్దీ శరీరంలో నీరు తగ్గుతుంది. పైన ఎండ, వంటికి అతుక్కున్న వెట్‌సూట్ (డైవింగ్‌కు వేసుకునే రబ్బరు దుస్తులు), కొందరికి పడవ కుదుపులకు వాంతులు. ఒంట్లో నీరు తగ్గితే తలనొప్పి, నీరసం మాత్రమే కాదు, పైకి వచ్చేటప్పుడు నైట్రోజన్ బుడగల వల్ల వచ్చే జబ్బుకు కూడా అది దోహదం చేస్తుందని డైవింగ్ వైద్యులు హెచ్చరిస్తారు. అంటే సిగ్గు కాపాడుకోవడానికి మనిషి ఆరోగ్యాన్ని పణంగా పెడుతోంది, మీరేమో ‘ఆడవాళ్లు త్వరగా అలసిపోతారు’ అని రాసుకుంటున్నారు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మడిచి పెట్టుకోగల చిన్న మరుగుదొడ్డి, చుట్టూ గట్టి పరదా, చేతులు కడుక్కోవడానికి నీళ్ల డబ్బా. పడవ మరీ చిన్నదైతే రెండు డైవ్‌ల మధ్య ఒడ్డుకు వచ్చేలా ప్రణాళిక వేసుకోండి. ఇంకో మాట కూడా పడవ ఎక్కే ముందు అందరికీ, మగవాళ్లతో సహా, నవ్వకుండా చెప్పాలి: వెట్‌సూట్‌లో మూత్రం పోయడం ప్రపంచమంతటా డైవర్లు చేసే పనే, తర్వాత సూట్‌ను శుభ్రంగా కడుక్కుంటారు, అంతే. ఇది ఎవరో ఒకరు బయటికి చెప్పేదాకా ప్రతి కొత్త మనిషీ ఈ సమస్య తన ఒక్కదానిదే అనుకుంటుంది.

నెలసరి సంగతి కూడా ఇక్కడే. ఆ రోజుల్లో డైవ్ చేయకూడదన్న నియమం లేదు. ఒంట్లో బాగుంటే చేయవచ్చు, కడుపునొప్పి, నీరసం ఉంటే మానుకోవచ్చు. ప్యాడ్ నీళ్లలో పనికిరాదు. టాంపన్ గానీ కప్పు గానీ వాడాలి, వాటిని మొదటిసారి వాడటం పడవ మీద కాకుండా ఇంట్లో అలవాటు చేసుకుని రావాలి. రక్తం వాసనకు సొరచేపలు వస్తాయన్న భయం చదువుకున్నవాళ్లలోనూ ఉంది. నెలసరి వల్ల సొరచేపల దాడులు పెరుగుతాయనడానికి ఆధారం లేదు. మన తీరంలో మామూలుగా డైవ్ చేసే చోట సొరచేప కనబడటమే అదృష్టం. మీరు చేయాల్సిందల్లా తేదీ మార్చుకుంటామంటే ఫీజు కోయకుండా, కారణం అడగకుండా మార్చడం. కారణం అడిగే ఫారం ఉన్నచోట ఆడవాళ్లు అబద్ధమైనా రాయాలి, డబ్బైనా వదులుకోవాలి.

గర్భం విషయం మాత్రం వేరు. గర్భిణులు డైవ్ చేయకూడదు, అనుమానం ఉన్నా చేయకూడదు. పైకి వచ్చేటప్పుడు తల్లి రక్తంలో ఏర్పడే చిన్న నైట్రోజన్ బుడగలను ఆమె ఊపిరితిత్తులు చాలావరకు వడకడతాయి. కడుపులో బిడ్డకు రక్తం ఊపిరితిత్తులను తప్పించుకుని ప్రవహిస్తుంది కాబట్టి ఆ రక్షణ ఉండదు. ఎంత లోతు వరకు క్షేమమో గర్భిణుల మీద ప్రయోగం చేసి తేల్చే వీలు లేదు, అందుకే అందరూ పూర్తిగా వద్దంటారు. గర్భం ఉందని తెలియక ముందే డైవ్ చేసినవాళ్లు కంగారుపడకుండా డాక్టరుకు చెబితే చాలు. ప్రసవం తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. సిజేరియన్ అయితే గాయం పూర్తిగా మానడానికి ఇంకాస్త ఎక్కువ కాలం ఆగాలి. పాలిచ్చే తల్లులు డైవ్ చేయడానికి అభ్యంతరం లేదు.

ఈ సందర్భంలోనే మీ కేంద్రంలో ఈ రోజే మార్చదగ్గ పని ఒకటి ఉంది. ఆరోగ్య వివరాల పత్రం నింపేటప్పుడు గర్భం గురించిన ప్రశ్న వస్తుంది. కొత్తగా పెళ్లైన అమ్మాయి ఆ కాగితం నింపుతుంటే పక్కన భర్త, వెనుక అత్తగారు, ఎదురుగా మీ కుర్రాడు. ఆమె ఏం రాస్తుంది? కళ్లు మూసుకుని ‘లేదు’ అని రాస్తుంది. థైరాయిడ్, ఉబ్బసం, మనోవ్యాధులకు వాడే మందులు, అన్నిటికీ ‘లేదు’ అనే రాస్తుంది. పత్రం ఎవరిది వారికి విడిగా ఇవ్వండి, ముందు రోజే ఫోనుకు పంపండి, వెనక్కి తీసుకునేది ఆడమనిషైతే మరీ మంచిది. నిజమైన జవాబులు అప్పుడే వస్తాయి.

ఇక సామాను. చాలా కేంద్రాల్లో బీసీడీ జాకెట్లు (సిలిండర్‌ను పట్టి ఉంచి, గాలి నింపితే తేల్చేవి) మీడియం, లార్జ్ సైజుల్లోనే కొంటారు. ఐదడుగుల అమ్మాయికి అది తగిలిస్తే నీళ్లలో జాకెట్ భుజాల మీది నుంచి గడ్డం దాకా ఎగదన్నుకుని వస్తుంది, సిలిండర్ ఒక పక్కకు ఒరుగుతుంది, ఆమె దాన్ని సరిచేసుకోవడంలోనే డైవ్ అంతా గడుస్తుంది. తర్వాత ‘నాకు ఇది సరిపడదు’ అంటుంది. సరిపడనిది జాకెట్. అతి చిన్న సైజువి రెండు, చిన్న సైజువి మూడు కొనండి. చిన్న ముఖానికి పట్టే మాస్కులు, చిన్న పాదాల ఫిన్స్ కూడా. మాస్క్ ఎంచుకోవడం ఎలాగో చూపించండి: పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా గాలి పీలిస్తే అది పడిపోకుండా అతుక్కోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకు పవర్ అద్దాల మాస్కులు దొరుకుతాయి. ఈ చిన్న సంగతి తెలియక, ‘కళ్లజోడు లేకపోతే ఏమీ కనబడదు’ అని మానేసినవాళ్లు నాకు తెలుసు.

ముందు రోజు పంపే సందేశంలో మన ఆడవాళ్లకు పనికొచ్చే మాటలు రాయండి. ఇంగ్లీషు మాన్యువల్‌లో ఇవి ఉండవు. తలకు నూనె పెట్టుకుని రావద్దు, మాస్క్ పట్టీ జారుతుంది. జుట్టు కిందికి బిగించి జడ వేసుకోవాలి, నుదుటి మీది ఒక్క పాయ మాస్క్ అంచు కింద చిక్కుకున్నా నీళ్లు కారుతూనే ఉంటాయి. పెద్ద ముక్కుపుడక తీసేసి రావాలి, చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడానికి ముక్కు నొక్కినప్పుడల్లా అది గుచ్చుకుంటుంది. గాజు గాజులు, కాళ్ల పట్టీలు వద్దు. ఉంగరాలు కూడా ఇంట్లో పెట్టి రావాలి, చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడి జారిపోతాయి. మంగళసూత్రం గురించి మాత్రం పడవ మీద నలుగురిలో ‘తీసేయండి’ అని అనవద్దు. తీసేవాళ్లు తీస్తారు, తీయనివాళ్లు వెట్‌సూట్ లోపల బిగుతుగా సర్దుకుంటే చాలు, బయటకు వేలాడి గొట్టాలకు చిక్కుకోకుండా ఉండాలన్నదే మనకు కావలసింది.

బరువు విషయం. మామూలుగా వాడే 80 క్యూబిక్ అడుగుల అల్యూమినియం సిలిండర్ ఖాళీగానే 14 కిలోలు ఉంటుంది, నింపితే 17 దాకా వస్తుంది. దానికి తోడు మునగడానికి నడుముకు సీసపు బరువులు. వీటిని మోసుకుంటూ ఇసుకలో నడవడం డైవింగ్ కాదు, కూలి పని. నీళ్లలో ఆ సిలిండర్ బరువు దాదాపు తెలియదు. కూర్చోబెట్టి తగిలించండి, లేదా నీళ్లలోకి దిగాక తొడగండి. మగవాళ్లకూ అదే పద్ధతి పెట్టండి, లేకపోతే ఆడవాళ్లకు ఇస్తున్న మినహాయింపులా కనబడుతుంది. నడుము నొప్పి ఉన్న మగవాళ్లు మీకు లోలోపల దండం పెట్టుకుంటారు.

చిన్నపాటి మనిషికి ఊపిరితిత్తులు చిన్నవి కాబట్టి అదే సిలిండర్ గాలి ఆమెకు ఎక్కువసేపు వస్తుంది. జంటగా దిగినప్పుడు చాలాసార్లు ముందు గాలి అయిపోయేది భర్తకు. జోడీ కలిసే పైకి రావాలి కాబట్టి, ఇంకా సగం గాలి మిగిలి ఉండగానే ఆమె కూడా వచ్చేయాలి. ఆ క్షణంలో నీళ్ల కింద కొందరు భార్యల చూపు చూసి తీరాల్సిందే.

జంటల గురించి ఇంకొంచెం చెప్పాలి. భార్యాభర్తలు కలిసి చేరితే శిక్షణలో వాళ్లను విడదీయండి, వేరే జోడీలతో కలపండి. కలిపి ఉంచితే ఆయన ఆమె మాస్క్ కడుగుతాడు, ఆమె సిలిండర్ తెరుస్తాడు, ఆమె గాలి మీటరు చూస్తాడు, మీరు ఆమెను అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఆయనే చెబుతాడు. ప్రేమతోనే చేస్తాడు, కాదనను. కానీ కోర్సు అయ్యేసరికి ఆమె ఒక్కత్తీ సామాను బిగించుకోలేదు. ఆయన ఆఫీసు పనిలో పడితే ఆమె డైవింగ్ అక్కడితో ఆగిపోతుంది. తన సామాను తాను బిగించుకుని, జోడీ సామాను తాను తనిఖీ చేసిన మనిషే మళ్లీ వస్తుంది.

అలాగే జాలితో పాస్ చేయించకండి. నీటి అడుగున మాస్క్ నిండా నీళ్లు నింపి, ముక్కుతో గాలి వదిలి ఖాళీ చేసే అభ్యాసం దగ్గర ఎక్కువమంది బెదురుతారు, ఆడా మగా ఇద్దరూ. ‘అమ్మాయి కదా, పోనీలే’ అని దాన్ని సగంలో వదిలేసే శిక్షకులు ఉన్నారు. రేపు సముద్రంలో ఎవరి ఫిన్ తగిలో మాస్క్ ఊడితే ఆ జాలి ఆమెను కాపాడదు. ఆమెకు కావలసింది సమయం. ఇంట్లో బకెట్‌లో ముఖం ముంచి, స్నార్కెల్ గొట్టంలోంచి నోటితో పీల్చి ముక్కుతో వదలడం వారం రోజులు చేయమనండి. అందుకు స్నార్కెల్ ఒకటి చేతికిచ్చి పంపండి. కొలనులో నడుము లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి చేయించండి. బృందంలో ఒకరిద్దరికి ఆలస్యమైతే మిగతావాళ్లు గట్టున నిలబడి చూడకుండా ఇంకో పని ఇవ్వండి. చూసే కళ్ల వల్లే సగం భయం.

తాకడం గురించి మీరు రాయలేదు, నేను రాస్తాను. నీళ్ల కింద శిక్షకుడు మనిషిని పట్టుకోక తప్పదు. ఎక్కడ పట్టుకుంటాడో ఒడ్డు మీదే చూపించాలి: సిలిండర్ పై భాగం, జాకెట్ భుజం పట్టీ, మోచేయి, జాకెట్‌లోకి గాలి నింపే గొట్టం. ఇవి కాక ఇంకెక్కడా చెయ్యి వేయనక్కర్లేదు. వెట్‌సూట్ జిప్పు ఆడవాళ్లకు ఆడవాళ్లే వేయాలి. బొటనవేలు పైకి చూపిస్తే డైవ్ ముగిసినట్టే, ఎవరైనా ఎప్పుడైనా ఏ కారణమూ చెప్పకుండా చూపించవచ్చు అన్నది డైవింగ్‌లో ఉన్న నియమమే. దాన్ని నోటిమాటగా దాటేయకుండా ఒకసారి చేయించి చూపండి. ‘వద్దు’ అంటే వెంటనే ఆగే చోటు మన ఆడవాళ్లకు ఎన్ని ఉన్నాయి? ఫోటోల సంగతి కూడా. అడగకుండా ఎవరి వెట్‌సూట్ ఫోటో మీ పేజీలో పెట్టవద్దు. పెదనాన్నగారి వాట్సాప్‌కు చేరిన ఒక్క ఫోటోతో ఒక అమ్మాయి కోర్సు మధ్యలో ఆగిపోవడం నేను చూశాను.

వీటన్నిటికీ సులువైన దారి, పడవ మీద ఒక ఆడమనిషి ఉద్యోగిగా ఉండటం. శిక్షకురాలు దొరకడం లేదని మీరు అంటారు. దొరకదు, తయారుచేసుకోవాలి. ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, ఆ తర్వాత 18 ఏళ్లు నిండినవాళ్లకు డైవ్ మాస్టర్ (డైవర్లను వెంట తీసుకెళ్లే ఉద్యోగ స్థాయి), పైన శిక్షకురాలు, ఇదీ వరస. మీ ఖర్చుతో ఇద్దరిని డైవ్ మాస్టర్ దాకా చదివించి, ఇన్నాళ్లు మీ దగ్గర పనిచేయాలని ఒప్పందం రాసుకోండి. ఎవరిని అంటే, మత్స్యకార గ్రామాల అమ్మాయిల్లో వెతకండి. మన తీరంలో సముద్రం మీదికి వెళ్లేది మగవాళ్లు, చేపలు అమ్మేది ఆడవాళ్లు అనే పని విభజన ఉంది. అది శరీరం పెట్టిన హద్దు కాదు. మన పక్కనే తమిళనాడులో, రామనాథపురం జిల్లా పాంబన్ ప్రాంతంలో ఆడవాళ్లు సిలిండర్ లేకుండా, వేళ్లకు గుడ్డలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగి సముద్రపు నాచు కోసుకొస్తారు. కొరియాలోని జెజు దీవిలో హేన్యోలు అనే ఆడవాళ్లది తరతరాలుగా ఇదే వృత్తి, వాళ్లలో డెబ్బై దాటినవాళ్లూ ఉన్నారు. ఆ సంప్రదాయాన్ని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

సిలిండర్‌తో చేసే డైవింగ్‌లోనూ ఆడవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. 1970లో అమెరికా టెక్‌టైట్ అనే ప్రయోగం చేసింది. వర్జిన్ దీవుల్లో సముద్రం అడుగున సుమారు 15 మీటర్ల లోతున కట్టిన ఇంట్లో శాస్త్రవేత్తలు వారాల తరబడి ఉండాలి. ఆడామగా కలిసి ఉండటం అప్పటి పెద్దలకు నచ్చలేదు, అందుకని సముద్ర శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో ఐదుగురు మహిళలతో విడిగా ఒక బృందాన్ని పంపారు. వాళ్లు రెండు వారాలు ఉండి పని చక్కగా చేసుకొచ్చారు. పత్రికలు వాళ్ల పరిశోధన కన్నా వాళ్లు ఆడవాళ్లన్న సంగతి మీదే ఎక్కువ మోజు చూపించాయి. అదే ఎర్ల్ 1979లో హవాయి దగ్గర ప్రత్యేక లోహపు సూట్‌లో 381 మీటర్ల లోతున సముద్రపు నేల మీద నడిచారు. మీ గోడ మీద గులాబీ పోస్టర్ బదులు ఆ ఫోటో పెట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

డబ్బు, సెలవులు. అండమాన్‌లో కోర్సు అంటే ఫీజే పాతిక ముప్పై వేల పైమాట, ప్రయాణం, బస వేరు. వారం రోజులు ఇల్లు వదిలి వెళ్లడం పిల్లలున్న మనిషికి ఫీజు కన్నా కష్టం. కోర్సును ముక్కలు చేయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. పాఠాలు ఇంట్లో ఫోనులో చదువుకోవచ్చు. కొలను శిక్షణ హైదరాబాద్‌లోనో విశాఖలోనో వారాంతాల్లో పూర్తిచేసి, ఆ కాగితంతో సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు మాత్రం మరోచోట రెండు రోజుల్లో ముగించవచ్చు. విమానంలో వెళ్లేవాళ్లు ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగాలి, ఆ ఒక్క రోజు లెక్కలో కలుపుకోమనండి. ఫీజు వాయిదాల్లో కట్టించుకోండి. తమ జీతంలోంచి తామే కట్టుకునే వాళ్లకు ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

తల్లుల అభ్యంతరం ఎక్కువగా రంగు గురించి, ఆపైన పెళ్లి గురించి. వాదించకండి. కొలను తరగతికి వాళ్లనూ రమ్మనండి. కూతురి కోసం వచ్చి గట్టున కూర్చున్న తల్లి నాలుగో వారానికి తనూ నీళ్లలోకి దిగుతానని అనడం అరుదేమీ కాదు. 45 దాటినవాళ్లకు ఆరోగ్య పత్రంలో అదనపు ప్రశ్నలు ఉంటాయి, అవసరమైతే డాక్టరు సంతకం తీసుకుంటే సరి.

ప్యాడీ సంస్థ 2015 నుంచి ఏటా జూలైలో మహిళల డైవ్ దినం జరుపుతోంది, మీరూ చేద్దామని రాశారు. తేదీ చూసుకోండి. జూలైలో మన దగ్గర నైరుతి రుతుపవనాలు, అలలు ఎక్కువ, నీళ్లు బురద. మొదటిసారి దిగిన అమ్మాయికి చెయ్యి చాచితే వేళ్లు కనబడకపోతే ఆమె జన్మలో మళ్లీ రాదు. ఆ రోజు కొలనులో పండగ చేయండి, సముద్రం సంగతి శీతాకాలం తర్వాత నీళ్లు తేటపడ్డాక చూసుకోండి. అన్నట్టు, మీ ప్రకటనలో ఉన్న నీలి రంగు నీళ్లూ పగడాలూ విశాఖవి కావు, చూడగానే తెలిసిపోతోంది. మన రాతి దిబ్బలు, వాటి సందుల్లో చేపల గుంపులు, విజయనగరం జిల్లా చింతపల్లి తీరం దగ్గర మునిగిన ఓడ, ఇవేమీ తక్కువవి కావు. ఉన్నది ఉన్నట్టు చూపించండి.

చేతిలో డబ్బు తక్కువ ఉందన్నారు కాబట్టి వరస చెప్తాను. ముందు పడవకు పరదా, మరుగుదొడ్డి. తర్వాత చిన్న సైజు జాకెట్లు, మాస్కులు. ఆ తర్వాత కొలను అద్దె, ఈత నేర్పే ఆమె జీతం. డైవ్ మాస్టర్ శిక్షణ వచ్చే ఏడాదికి పెట్టుకోండి. పోస్టర్లకు ఏమైనా మిగిలితే మిగిలింది.

ఇక మీ ఆవిడకు మీరే నేర్పాలా అన్న ప్రశ్న. వద్దండీ. భర్త దగ్గర కారు నేర్చుకున్న ఏ ఆడమనిషిని అడిగినా ఎందుకో చెబుతుంది. ఆమెను మీ ఊరికి దూరంగా, మీ పేరు తెలియని కేంద్రానికి పంపండి. పుదుచ్చేరి కావచ్చు, కర్ణాటకలోని నేత్రాణి కావచ్చు, అండమాన్‌లోని స్వరాజ్ దీవి కావచ్చు. శిక్షకురాలు ఉన్నచోటు చూసి, ఆమెతో మీ ఆవిడనే మాట్లాడమనండి. రోజూ సాయంత్రం ఫోను చేసి ఏ అభ్యాసం అయింది, ఏది కాలేదు అని ఆరా తీయకండి. వచ్చాక ఆమె సామాను ఆమెనే బిగించుకోనివ్వండి, మీ పద్ధతి వేరైనా సరే.